అభ్యర్థి గడపకొస్తే ఈ ప్రశ్నలు అడగండి

స్థానిక ఎన్నికలొస్తే వీధిలో సీన్ ఒకేలా ఉంటుంది. కండువా వేసుకున్న అన్న నలుగురితో కలిసి గేటు తీసుకుని లోపలికొస్తాడు. అమ్మ మంచినీళ్లు ఇస్తుంది. నాన్న మిమ్మల్ని చూపించి, ‘మావాడు బీటెక్ అయిపోయి ఇంట్లోనే ఉన్నాడు, కాస్త ఎక్కడైనా చూడు’ అంటాడు. ‘గెలవనీ బాబాయ్, మనోడే కదా’ అని అన్న నవ్వుతాడు. మీరు తల వంచుకుని ఫోన్ చూసుకుంటారు. అక్కడితో ఆ ఇంటి ప్రచారం అయిపోయింది.

ఆ రెండు నిమిషాలూ మీవి. ఐదేళ్లలో ఆయన మీ గడప తొక్కి, మీ మాట వినడానికి తీరిక చేసుకునేది అప్పుడే. తన మాటల్లో ఎంత బరువుందో తేల్చుకోవాలంటే ముందు ఆయన కూర్చోబోయే కుర్చీకి ఏ అధికారాలున్నాయో తెలియాలి. యాప్‌లో సాధారణ యూజర్‌కు కనిపించే బటన్లు వేరు, అడ్మిన్‌కు కనిపించేవి వేరు. లేని బటన్ నొక్కుతానని ఎవరైనా మాటిస్తే ఆ మాటకు విలువెంత?

మన ప్రాంతంలో ఈ లెక్క మరీ ముఖ్యం. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో కొత్తగూడెం దాటాక అడవి మొదలవుతుంది. అడవితోపాటు చట్టం కూడా మారుతుంది. ఒకే హామీ ఖమ్మంలో కుదరొచ్చు, మణుగూరులో అడగడానికే మనిషి లేకపోవచ్చు, భద్రాచలంలో చట్టమే అడ్డుపడొచ్చు. ఊరి వారీగా చూద్దాం.

ఖమ్మం: మున్నేరు అందరికీ తెలుసు, మురుగు కాల్వ ఎవరిది?

ఖమ్మం 2012లో నగరపాలక సంస్థ అయింది. 2016లో 50 డివిజన్లకు తొలి ఎన్నికలు జరిగాయి. 2021 ఏప్రిల్ 30న 60 డివిజన్లకు రెండోసారి ఓట్లేశారు. పాలకవర్గం గడువు ఐదేళ్లు. అంటే ఆ లెక్క 2026 మేతో తీరిపోతుంది. తర్వాత మీ డివిజన్‌లో ఓటడగడానికి వచ్చే ఎవరి నోటైనా ముందు వచ్చే మాట మున్నేరు.

రావాల్సిందే మరి. 2023 జులైలో ఒకసారి, 2024 సెప్టెంబర్ 1న మరింత ఉద్ధృతంగా మున్నేరు ఊళ్లోకి వచ్చింది. రెండోసారి నీటిమట్టం 36 అడుగుల దాకా వెళ్లింది. ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ, వెంకటేశ్వరనగర్ లాంటి చోట్ల సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్‌లు, పుస్తకాలు బురదలో కలిసిపోయాయి. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన వారంలో మార్కుల మెమోలు ఆరబెట్టుకోవడం అంటే ఏంటో ఆ వీధుల పిల్లలకు తెలుసు.

‘గోడ కట్టిస్తా’ అని అభ్యర్థి అంటే ఆగండి. మున్నేరు ఒడ్డున రక్షణ గోడ రాష్ట్ర ప్రభుత్వం, నీటిపారుదల శాఖ చేపట్టే పని. కార్పొరేటర్ దానికోసం ఒత్తిడి తేగలరు, సొంతంగా కట్టించలేరు. పైగా మున్నేరు ఆవలి ఒడ్డున 2025లో ఏదులాపురం పేరుతో వేరే మున్సిపాలిటీ ఏర్పడింది. ఏరు ఒకటే, పాలకవర్గాలు రెండు.

మరి కార్పొరేటర్ చేతిలో ఏముంది? ఏటి వైపు వెళ్లే వాన నీటి కాల్వలో పూడిక తీయించడం ఉంది. కాల్వ మీద వెలిసిన కట్టడాన్ని కౌన్సిల్‌లో నిలదీయడం ఉంది. ముంపు అంచున కొత్త ఇళ్లకు అనుమతులెలా వస్తున్నాయని పట్టణ ప్రణాళిక అధికారిని అడగడం ఉంది. రాత్రి రెండింటికి నీళ్లొస్తే మీ వీధివాళ్లు ఏ స్కూలుకు వెళ్లాలి, ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నది ముందే తేల్చి పెట్టడం ఉంది. ఇవి చిన్న పనుల్లా కనిపిస్తాయి కానీ ప్రాణాలు నిలిపేది ఇవే.

కాబట్టి ‘మున్నేరు మీద మీ అభిప్రాయమేంటి’ అని అడిగితే ఉపన్యాసమే వస్తుంది. ‘అన్నా, మన కాల్వ పూడిక ఏ నెలలో తీయిస్తారు? వానాకాలం ముందా, తర్వాతా?’ అని అడిగితే సమాధానం రావాల్సిందే. చెత్త సంగతీ అంతే. ‘స్వచ్ఛ ఖమ్మం’ అనడం తేలిక. తడి చెత్త, పొడి చెత్త ఇంటి దగ్గరే విడిగా తీసుకుంటున్నారా, దానవాయిగూడెం డంపింగ్ యార్డుకు వెళ్లేసరికి మళ్లీ కలిసిపోతున్నాయా అని అడిగితే ఆయనకు వార్డు గురించి ఎంత తెలుసో అక్కడే తేలిపోతుంది.

పాల్వంచ, మణుగూరు: అడుగుదామన్నా మనిషి లేని ఊళ్లు

ఇప్పుడు భద్రాచలం దారి పట్టండి. పాల్వంచ దగ్గరికొచ్చేసరికి షెడ్యూల్డ్ ప్రాంతం మొదలవుతుంది. రాజ్యాంగ 74వ సవరణతో పట్టణ స్థానిక సంస్థలకు ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి. అయితే అదే సవరణలోని 243జడ్‌సీ అధికరణం ఆ భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదని చెబుతుంది. పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తేనే వర్తిస్తుంది. పంచాయతీలకు 1996లో పెసా పేరుతో అలాంటి చట్టం వచ్చింది. పట్టణాల కోసం 2001లో పార్లమెంటులో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

దాని ఫలితం మన కళ్లముందే ఉంది. బొగ్గు గనులున్న మణుగూరు, విద్యుత్ కేంద్రం ఉన్న పాల్వంచ మున్సిపాలిటీలయ్యాయి కానీ ఏళ్ల తరబడి ఎన్నికలకు నోచుకోలేదు. వీధి దీపం వెలగకపోతే వెళ్లి తలుపు తట్టడానికి కౌన్సిలర్ అంటూ లేడు. ఫిర్యాదు అధికారికి ఇవ్వాలి. ఆయన బదిలీ అయితే కొత్తాయనకు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. 2025లో కొత్తగూడెం, పాల్వంచలను కలిపి నగరపాలక సంస్థ చేశాక పాల్వంచ కథ మలుపు తిరిగింది.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు 243జడ్‌సీని ఒక బిట్‌గా బట్టీ పట్టి ఉంటారు. మణుగూరు పిల్లలకు అది బిట్ కాదు. వాళ్ల వీధిలో ఓటడగడానికి ఏ కౌన్సిలర్ అభ్యర్థీ రాకపోవడానికి కారణం అదే. మీ గడపకు అభ్యర్థి వస్తున్నాడంటే అది అందరికీ దక్కే అవకాశం కాదని గుర్తుంచుకోండి.

భద్రాచలం: పట్టణమంత పంచాయతీ

గోదావరి దాటితే లెక్క మళ్లీ మారుతుంది. 2011 జనాభా లెక్కల నాటికే భద్రాచలం జనాభా 50 వేలు దాటింది. అయినా అది గ్రామ పంచాయతీనే. 2019 జనవరిలో రాష్ట్రమంతా పంచాయతీ ఎన్నికలు జరిగినా ఇక్కడ జరగలేదు. 2022 డిసెంబర్‌లో ఊరిని మూడు పంచాయతీలుగా విడగొడుతూ ఉత్తర్వులొచ్చాయి. చివరికి ఒకే పంచాయతీగానే 2025 డిసెంబర్‌లో జనం ఓట్లేశారు. మధ్యలో గడిచిన ఏళ్లన్నీ ప్రత్యేకాధికారుల పాలనే.

పాలకవర్గం లేకపోతే పోయేదేముంది అనుకోవద్దు. నిధులు పోతాయి. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు రావాలంటే ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. ఆ గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నది నిబంధన. అంటే ఎన్నిక ఆగితే కుళాయి, మురుగు కాల్వ పనులకు రావాల్సిన డబ్బే ఆగుతుంది.

ఇక్కడ అభ్యర్థి నోట వినిపించే మాటలు మూడు: గోదావరి, చెత్త, ఇంటి స్థలం. ఒక్కోటీ చూడండి.

గోదావరి: 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు ఇక్కడ చిన్నపిల్లలకూ కంఠతా వచ్చు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులు తాకింది. 2022 జులై 16న 71.3 అడుగులకు చేరింది. కరకట్ట రాష్ట్ర ప్రభుత్వ నిర్మాణం, దాని నిర్వహణ నీటిపారుదల శాఖ పని. కానీ నది నిండినప్పుడు కట్టకు ఉన్న తూములు మూసేస్తారు. అప్పుడు ఊళ్లో పడ్డ వాన నీరు, మురుగు బయటికి పోలేక రామాలయం పరిసరాల్లోనే నిలబడిపోతుంది. మోటార్లు పెట్టి కట్ట అవతలికి తోడాలి. తూము దాకా నీళ్లు తెచ్చే కాల్వలు మాత్రం పంచాయతీవి. అందుకే ‘కరకట్ట ఎత్తు పెంచుతారా’ కంటే, ‘జూన్‌లోపు కాల్వలు శుభ్రం చేయించి, మోటార్లు సరిచూశారా అని నీటిపారుదల శాఖకు పాలకవర్గం లేఖ రాస్తుందా’ అన్న ప్రశ్నకు పదునెక్కువ.

చెత్త: 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినప్పుడు భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. ఊరిని ఆనుకుని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అవతలికి పోయాయి. దుమ్ముగూడెం వైపు బస్సెక్కితే మధ్యలో ఆంధ్రలోకి వెళ్లి మళ్లీ తెలంగాణలోకి రావాలి. దానివల్ల భద్రాచలానికి చెత్త వేసుకోవడానికే స్థలం కరవైంది. ఆ ఐదు ఊళ్లను తిరిగివ్వాలన్న డిమాండ్ 2024 జులై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాద్‌లో కలిసినప్పుడూ చర్చకొచ్చింది. సర్పంచ్ చేతిలో ఇది లేదు. ‘ఐదు పంచాయతీలు వెనక్కి తెస్తా’ అన్న వార్డు అభ్యర్థికి నవ్వుతూ నమస్కారం పెట్టండి. ‘అవి వచ్చేలోపు మన చెత్త తగ్గించడానికి ఏం చేస్తారు? హోటళ్ల, సత్రాల తడి చెత్తను ఎరువు చేసే ఆలోచన ఉందా?’ అని అడగండి.

ఇంటి స్థలం: ‘అందరికీ రిజిస్ట్రేషన్లు చేయిస్తా’ అన్న హామీ తరచూ వినిపిస్తుంది. 1/70గా అందరూ పిలిచే భూ బదలాయింపు నిబంధన ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. గిరిజనుల భూమి వాళ్ల చేయి దాటిపోకుండా పెట్టిన రక్షణ అది. ఏ పంచాయతీ తీర్మానమూ దాన్ని దాటలేదు. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పే అభ్యర్థి దొరికితే విలువివ్వండి. ఓటు పోతుందని తెలిసీ నిజం చెప్పే మనిషి తర్వాత కూడా చెబుతాడు.

ఇంకో సంగతి. పెసా ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్పంచ్ పదవులన్నీ ఎస్టీలకే. వార్డుల్లోనూ సగానికి తగ్గకుండా వాళ్లకు కేటాయించాలి. మీరు ఎస్టీ కాకపోతే మిగిలిన వార్డుల్లో పోటీ చేయొచ్చు. గ్రామసభలో మాట్లాడే హక్కు ఓటరుగా ఎలాగూ మీకు ఉంటుంది.

అడవి అంచు పల్లె: తీర్మానమే రోడ్డు

చర్ల, దుమ్ముగూడెం, గుండాల మండలాల లోపలి గూడేల్లో ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. రోడ్డు, సిగ్నల్. ‘ఫారెస్టోళ్లు ఒప్పుకోవట్లేదు’ అన్న జవాబుతో ఎన్నికలు ఎన్నో గడిచిపోయాయి.

2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) చదవండి. రోడ్డు, బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులు, కరెంటు, టెలిఫోన్ లైన్లు, నైపుణ్య శిక్షణ కేంద్రం లాంటి 13 రకాల సదుపాయాలకు అటవీ భూమి ఇవ్వొచ్చని అది చెబుతుంది. షరతులున్నాయి. ఒక్కో పనికి భూమి హెక్టారు లోపే ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. చివరి షరతే అసలు మలుపు. గ్రామసభ తీర్మానం లేకుండా ఫైలు కదలదు. ఆ సభ పెట్టించడం, కాగితం రాయించడం, డివిజనల్ అటవీ అధికారి దగ్గరికి అది చేరిందో లేదో చూడటం సర్పంచ్ చేయగల పని.

ఆ జాబితాలో నైపుణ్య శిక్షణ కేంద్రం ఉందని గమనించారా? ‘మన ఊరికి ఉద్యోగాలేవి’ అని అడిగే బదులు, ‘3(2) కింద శిక్షణ కేంద్రానికి మొదటి గ్రామసభలోనే తీర్మానం పెడతారా’ అని అడగండి. అవుననో కాదనో చెప్పక తప్పదు.

ఉద్యోగం మాటకొస్తే

ఇప్పుడు నాన్న అడిగిన ప్రశ్న. ఉద్యోగం ఇప్పించే బటన్ కార్పొరేటర్‌కు లేదు, సర్పంచ్‌కు లేదు. సింగరేణి నియామకాలు సింగరేణివి. సారపాక కాగితం మిల్లు ప్రైవేటు సంస్థది. 2020 డిసెంబర్‌లో ఖమ్మంలో మొదలైన ఐటీ హబ్ రాష్ట్ర ప్రభుత్వం పెట్టింది. అందులో ఉద్యోగాలిచ్చేది కంపెనీలు. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. దాన్ని మళ్లీ తెస్తానని వార్డు స్థాయిలో ఎవరు చెప్పినా అది వాళ్ల పరిధి కాదు. ‘అవుట్‌సోర్సింగ్‌లో పెట్టిస్తా, కాస్త ఖర్చవుతుంది’ అని ఎవరైనా అంటే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

అయితే మీ చదువుకు సంబంధించిన ఒక పైసా లెక్క స్థానిక సంస్థ దగ్గర కచ్చితంగా ఉంది. మీ ఇంటి పన్ను రశీదు తీసి చూడండి. గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. గ్రంథాలయాల చట్టం ప్రకారం రూపాయి ఇంటి పన్నుకు 8 పైసలు. పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీరు గ్రూప్స్‌కు చదువుకునే రీడింగ్ హాల్లో ఫ్యాన్, కరెంట్ అఫైర్స్ పుస్తకం, రాత్రి దాకా వెలిగే లైటు వచ్చేది ఆ డబ్బుతోనే. వసూలైన సెస్సు సమయానికి జమ కాకపోతే పుస్తకాలు కొనడం ఆగిపోతుంది.

అందుకే అభ్యర్థి ‘యువతకు అండగా ఉంటా’ అన్నప్పుడు, ‘అన్నా, మన ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు? బకాయి ఉంటే మీ మొదటి ఏడాదిలో కట్టిస్తారా?’ అనండి. ఈ ప్రశ్న ఊహించి వచ్చే అభ్యర్థులు తక్కువ. కానీ సమాధానం పూర్తిగా ఆయన కుర్చీ పరిధిలోనే ఉంటుంది.

చెప్పింది నిజమేనా? ఇలా చూసుకోండి

• అఫిడవిట్: నామినేషన్‌తోపాటు కేసులు, ఆస్తులు, చదువు వివరాలతో స్వీయ ప్రకటన ఇవ్వాలి. అడిగి చదవండి.

• ఖర్చు: 5 వేలు దాటిన జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి వ్యయ పరిమితి 2.5 లక్షలు, వార్డు సభ్యుడికి 50 వేలు. మీ వీధిలో ఒక్క రాత్రి పంచిన లెక్కతో పోల్చి చూడండి, మీకే తెలుస్తుంది.

• ఈ-గ్రామ స్వరాజ్ పోర్టల్: పంచాయతీ ప్రణాళిక, చెల్లింపుల వివరాలు అందులో ఉంటాయి. పాతవాళ్లు ఏం చేశారో, కొత్తవాళ్లు అదే పనిని మళ్లీ హామీ ఇస్తున్నారో పట్టుకోవచ్చు. ఫోన్ ఉంటే చాలు.

• సమాచార హక్కు: దరఖాస్తుకు గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. సమాధానానికి గడువు 30 రోజులు.

• గ్రామసభ: 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. మీ ఊళ్లో చివరిది ఎప్పుడు జరిగిందో కనుక్కోండి.

• వార్డు కమిటీలు: 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది. అందులో ఒకటి యువతది. మీ వార్డులో అందులో ఎవరున్నారు? ఎవరికీ తెలియకపోతే మీ పేరు ఇవ్వండి.

ఇదంతా రాజకీయం, మనకెందుకు అనుకోకండి. 73, 74వ సవరణలు, పెసా, అటవీ హక్కుల చట్టం గ్రూప్స్ సిలబస్‌లో ఉన్నవే. 2018లో ఒక్క నోటిఫికేషన్‌తో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులు పడ్డాయి. ఆ పరీక్ష రాసిన వాళ్లలో తమ ఊరి పంచాయతీ లెక్కను ఒక్కసారైనా తెరిచి చూసినవాళ్లకు ఆ పాఠాలు వేరేగా అర్థమై ఉంటాయి. ప్రైవేటు ఉద్యోగానికి వెళ్లేవాళ్లకూ లాభమే. మీ వార్డు కాల్వలను, నీళ్లు నిలిచే చోట్లను ఫోన్‌లో మ్యాప్ చేసి చూపించిన ప్రాజెక్టు, ఎక్కడి నుంచో దింపుకున్న మినీ ప్రాజెక్టు కంటే రెజ్యూమేలో గట్టిగా నిలబడుతుంది. దాని గురించి ఎన్ని ప్రశ్నలడిగినా మీరు జవాబు చెప్పగలరు.

18 ఏళ్లకు ఓటు వస్తుందని అందరికీ తెలుసు. 21 నిండితే వార్డు సభ్యుడిగా, సర్పంచ్‌గా, కార్పొరేటర్‌గా పోటీ చేయొచ్చన్నది చాలామందికి గుర్తుండదు. అసెంబ్లీకి 25 నిండాలి. ఫైనలియర్ చదువుతున్న వయసుకే మీకు మీ వీధి కుర్చీకి అర్హత వచ్చేస్తుంది.

ముందు ఓటరు జాబితాలో మీ పేరుందో చూసుకోండి. హైదరాబాద్ హాస్టల్ చిరునామాకు మార్చుకున్నారా, ఊళ్లోనే ఉందా? ఆ తర్వాత ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకోండి: ఒకటి నీళ్ల గురించి, ఒకటి చెత్త గురించి, ఒకటి గ్రంథాలయ సెస్సు గురించి. వచ్చిన ప్రతి అభ్యర్థినీ అవే అడగండి. ఎవరేం చెప్పారో తేదీతో సహా రాసిపెట్టుకోండి. గెలిచాక జరిగే మొదటి గ్రామసభకో, వార్డు సమావేశానికో ఆ కాగితం తీసుకెళ్లండి.